కారు వేడెక్కిందని డైలీ ఫైనాన్స్‌కు వెళ్తారా?

ప్రశ్న: మాది ఒంగోలు. ప్రైవేటు ఉద్యోగం, జీతం 34 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు. లక్ష రూపాయల చీటీకి నెలకు 5 వేలు కడుతున్నాను. చేతిలో 6 వేలున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2012 మోడల్ డీజిల్ కారులో అమ్మను నెలకోసారి చెకప్‌కు నెల్లూరు తీసుకెళ్తాను. పోయిన వేసవి నుంచి ఇంజిన్ వేడెక్కుతుంటే బోరు నీళ్లు పోసుకుంటూ నెట్టుకొచ్చాను. మొన్న సింగరాయకొండ దాటాక పొగలొచ్చి ఆగిపోయింది. రేడియేటర్, వాటర్ పంప్, థర్మోస్టాట్ మార్చడానికి 18 వేలు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం అతుకు దగ్గర ఉండే సీలు) కూడా పోయుంటే 45 వేలు అవుతుందని మెకానిక్ చెప్పారు. డైలీ ఫైనాన్స్‌లో 50 వేలు తీసుకోనా? ఇది అమ్మేసి ఈఎంఐ మీద కొత్త కారు కొననా?

జవాబు: రెండూ వద్దు. డైలీ ఫైనాన్స్ వాళ్లు 50 వేలు రాసుకుని 45 వేలు చేతిలో పెడతారు. రోజుకు 500 చొప్పున 100 రోజులు కట్టాలి. ఏడాదికి లెక్కేస్తే వడ్డీ 75 శాతం పైనే పడుతుంది. అంతకంటే ముందు నెలకు 15 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? ఖర్చులూ చీటీ పోను మీకు మిగిలేది 4 వేలు. రెండో నెలలోనే ఈ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తారు. కొత్త కారు ఈఎంఐకి కూడా ఉన్నవి ఆ 4 వేలే.

నన్ను బాధపెట్టింది ఆ బోరు నీళ్ల సంగతి. పోయిన వేసవిలో అది కారుతున్న గొట్టమో, పట్టు వదిలిన రేడియేటర్ మూతో అయ్యుండొచ్చు. అప్పుడు చేతిలో రెండు మూడు వేలు విడిగా ఉంటే ఆ వారమే షెడ్డుకు వెళ్లేవారు. అవి లేకపోవడంతో వాయిదా వేశారు. మన వైపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఉప్పే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. దాంతో వేడి బయటికి పోదు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధకం ఉత్త నీళ్లలో ఉండదు కాబట్టి పంపును కూడా లోపల తుప్పు తినేస్తుంది. అత్యవసర నిధి లేని ఇళ్లలో చిన్న ఖర్చులు ఇలాగే ముదురుతాయి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు గ్యాస్కెట్ సంగతి తేల్చుకోండి. ఆయిల్ పోసే మూత తీసి అడుగున చూడండి, మీగడలాంటి జిగురు ఉంటే అనుమానించాలి. స్టార్ట్ చేసి ఉంచితే కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా అని మెకానిక్‌ను చూడమనండి, ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. గ్యాస్కెట్ బాగుంటే 18 వేల పని చేయించండి. పోయుంటే మాత్రం 45 వేలు పెట్టే ముందు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే ఎంతొస్తుందో నలుగురిని అడగండి. 2012లోనే రిజిస్టర్ అయి ఉంటే 2027లో ఆర్సీ రెన్యువల్, దానికి ఫిట్‌నెస్ కూడా మీద పడతాయి. అమ్మగారు ప్రయాణం తట్టుకోగలిగితే కారు సంగతి తేలేదాకా పొద్దున పినాకిని రైల్లో వెళ్లి, సాయంత్రం తిరుగు పినాకినిలో రావచ్చు. కారు బీమా మీద ఆశ పెట్టుకోకండి, అరుగుదలకూ యాంత్రిక లోపాలకూ మామూలు పాలసీ డబ్బివ్వదు.

ఆ 18 వేలూ బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకోండి. నెలకు 4 వేలు కడితే ఐదు నెలల్లో తీరిపోతుంది. చీటీ ఇప్పుడే పాడుకుంటే పాటలో వదులుకునే సొమ్ము ఎక్కువవుతుంది, వద్దు. చేతిలో ఉన్న 6 వేలు కూడా రిపేరుకు తీయకండి. నెలకు ఓ వంద వడ్డీ ఎక్కువైనా సరే, అర్ధరాత్రి అమ్మగారికి ఏదైనా అయితే ఆ డబ్బే ఆదుకోవాలి. ఆవిడకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే వాకబు చేయండి.

బంగారం విడిపించాక ఆ 4 వేలు ఆపకండి. ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేస్తూ పోండి. చీటీ లక్ష చేతికొస్తే అది కూడా అక్కడికే, కారు డౌన్ పేమెంట్‌కు కాదు. ఏడాది తిరిగేసరికి ఆ 4 వేలు 48 వేలవుతాయి, చీటీ డబ్బు కలిస్తే ఇంచుమించు ఆరు నెలల ఇంటి ఖర్చు పోగవుతుంది.

షెడ్డులో ఉండగానే లోపల పేరుకున్నదంతా ఫ్లష్ చేయించి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలిపి పోయించండి. ఆ రెండూ బిల్లులో విడిగా రాయమనండి.