టై ముడి పడని మేనేజర్

"సామాన్యుడి ధైర్యాన్ని బాగా చూపించిన సినిమా ఏది?" అని అడిగారు. నా ఓటు 'హోటల్ రువాండా' (2004)కే. అది హోటల్లో పనిచేసినవాళ్లకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు ఒక్క రాత్రి రిసెప్షన్‌లో నిలబడి చూడండి.

నేను ఆరేళ్లు విజయవాడలో ఓ హోటల్లో నైట్ డ్యూటీ చేశాను. రాత్రి రెండు దాటాక ఫ్రంట్ ఆఫీస్ కంప్యూటర్లో సౌండ్ తగ్గించుకుని ఈ సినిమా చూశాను. కథ 1994 ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆఫ్రికా దేశమైన రువాండా రాజధాని కిగాలీలో హుటూ తెగ మూకలు టుట్సీ తెగవాళ్లను ఇల్లిల్లూ వెతికి నరుకుతుంటాయి. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది పోయారు. ఓ పెద్ద హోటల్‌ని నడిపే పాల్ రుసెసబాగినా హుటూ, భార్య టుట్సీ. 1,268 మంది ఆ హోటల్లో తలదాచుకున్నారు. కుళాయిలు ఆగిపోతే స్విమ్మింగ్ పూల్ నీళ్లే తాగారు.

సరుకుల కోసం వెళ్లిన పాల్ తెల్లవారుజామున మంచులో వ్యాన్‌లో తిరిగొస్తుంటాడు. బండి ఎగిరెగిరి పడుతుంది. డ్రైవర్ రోడ్డు తప్పాడేమోనని తలుపు తీస్తే, కింద అన్నీ శవాలే. హోటల్‌కొచ్చి, శుభ్రమైన చొక్కా వేసుకుని, టై కట్టుకోబోతాడు. ముడి పడదు. మళ్లీ కడతాడు. పడదు. చొక్కా పీకేసుకుని నేలమీద కూలబడి ఏడుస్తాడు.

సరిగ్గా అప్పుడే మా హోటల్ గాజు తలుపు తోసుకుని ఓ ఫ్యామిలీ వచ్చింది. గబగబా కళ్లు తుడుచుకుని "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను. "డ్యూటీలో నిద్రపోతావా?" అన్నాడాయన. పొద్దున్నే కంప్లయింట్, ఓ పూట జీతం కట్. సినిమా చూస్తూ ఏడ్చానని ఎవరికి చెప్పను?

ఇంకో సీన్‌లో పాల్ అక్కడున్నవాళ్లకి బిల్లులు పంచుతాడు. "ప్రాణాలు పోతుంటే బిల్లేంటన్నయ్యా?" అన్నాడు మా తమ్ముడు. ఒరేయ్, అది స్టార్ హోటల్‌లా కనిపించినంతకాలమే గేటు బయటివాళ్లు ఆగుతారు. సత్రంలా కనిపించిన రోజు లోపలికొచ్చేస్తారు. కాపాడాల్సిన ఐక్యరాజ్యసమితి ఆ ఏప్రిల్‌లోనే తన సైన్యాన్ని 270 మందికి తగ్గించాలని తీర్మానించింది. ఇక పాల్ చేతిలో ఉన్నవి ఫోను, లంచంగా ఇచ్చే స్కాచ్ సీసాలు, 'సార్' అనే మాట. మన హీరో అయితే బాల్కనీ మీంచి దూకి యాభై మందిని కొట్టేవాడు. ఇంటర్వెల్‌కల్లా హోటల్ బూడిదయ్యేది.

నిజజీవితంలోని పాల్ మీద వేరే గొడవలున్నాయి. తమ దగ్గర డబ్బులు వసూలు చేశాడని అక్కడ బతికి బయటపడ్డవాళ్లే కొందరు అన్నారు. 2021లో టెర్రరిజం కేసులో రువాండా కోర్టు 25 ఏళ్ల శిక్ష వేసింది. 2023లో విడుదల చేశారు. శిక్ష పడిన రోజు మా తమ్ముడు "చూశావా నీ మేనేజర్‌ని" అని వాట్సాప్‌లో పెట్టాడు. "బిల్లుల సీన్ మళ్లీ చూడరా" అని పంపాను. ఇంతవరకు చూడలేదు వెధవ.