లోంబోక్‌లో విల్లా: 25 ఏళ్ల లీజుకు 80 లక్షలు పెట్టవచ్చునా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్య ఉపాధ్యాయురాలు, పాపకు నాలుగేళ్లు. గత ఏడాది ఇండోనేషియాలోని లోంబోక్ ద్వీపానికి వెళ్లి రింజాని పర్వతం ఎక్కాను, దక్షిణ తీరంలో సర్ఫింగ్ నేర్చుకున్నాను. అక్కడ కూటా మండలికా దగ్గర ఒక ఏజెంటు రెండు పడకగదుల విల్లా చూపించారు. 25 ఏళ్ల లీజు, మన డబ్బులో దాదాపు 80 లక్షలు. ఇరవై ఏళ్ల కిందటి బాలి ఎలా ఉండేదో లోంబోక్ ఇప్పుడు అలా ఉందనీ, ఏటా 15 శాతం ఆదాయం వస్తుందనీ, అది డాలరు ఆదాయం కాబట్టి రూపాయి పడిపోయినా భయం లేదనీ, లీజు పొడిగింపు ఖాయమనీ చెబుతున్నారు. నాకు మ్యూచువల్ ఫండ్లలో 32 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 14 లక్షలు, పీఎఫ్‌లో 18 లక్షలు ఉన్నాయి. కొండాపూర్ ఫ్లాటు మీద ఇంకా 38 లక్షల గృహరుణం ఉంది, వడ్డీ 8.5 శాతం. ఫండ్లు అమ్మి, ఇంటి మీద 30 లక్షల టాప్-అప్ రుణం తీసుకుని, మిగిలిన 18 లక్షలు మా బావమరిది చేత పెట్టిద్దామనుకుంటున్నాను. బుకింగ్ కింద 5,000 డాలర్లు ఈ నెలలోనే క్రెడిట్ కార్డుతో కట్టమంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దు. లోంబోక్ మంచి చోటు కాదని కాదు. మీకు చూపించినది సొంతమయ్యే ఆస్తి కాదు గనుక, దానికి మీరు డబ్బు సమకూర్చాలనుకుంటున్న పద్ధతిని మన నిబంధనలు చాలావరకు అనుమతించవు గనుక.

ముందుగా భూమి హక్కు సంగతి చూద్దాం. ఇండోనేషియాలో 1960 నాటి మౌలిక వ్యవసాయ చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే ఉంటుంది. విదేశీయుడికి ఆ హక్కును నేరుగా గానీ దొడ్డిదారిన గానీ దఖలు పరిచే లావాదేవీ చెల్లదనీ, అలాంటి భూమి ప్రభుత్వపరం అవుతుందనీ అదే చట్టంలోని 26వ సెక్షన్ చెబుతోంది. స్థానికుడి పేరు మీద కొని, పక్కన ఒక రహస్య ఒప్పందం రాసుకునే బినామీ పద్ధతిని అక్కడి ఏజెంట్లు ఇప్పటికీ సూచిస్తుంటారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే సంభాషణ అక్కడితో ముగించండి. విదేశీయులకు హక్ పకై అనే వినియోగ హక్కు దొరుకుతుంది గానీ, దానికి వేరే షరతులు ఉన్నాయి. కంపెనీ పేరు మీద పొందే నిర్మాణ హక్కుకు పీటీ పీఎంఏ అనే విదేశీ పెట్టుబడి కంపెనీ స్థాపించాలి, దాని పెట్టుబడి ప్రణాళిక 1,000 కోట్ల రుపియాలు (రుపియా ఇండోనేషియా కరెన్సీ) దాటాలి. వారి సున్నాలు చూసి కంగారు పడనక్కరలేదు కానీ, మన లెక్కలో అది 5 కోట్ల రూపాయల పైమాటే. మీ ఏజెంటు ఇస్తున్నది వీటిలో ఏదీ కాదు. అది మామూలు లీజు, పాతికేళ్ల అద్దెను ఒకేసారి ముందే కట్టించుకునే ఏర్పాటు.

ఈ తేడా ఎంత పెద్దదో ఏజెంటు చెప్పిన బాలి పోలికతోనే తెలుస్తుంది. లోంబోక్ పెరుగుతున్న మాట వాస్తవం. 2011లో ప్రాయా దగ్గర అంతర్జాతీయ విమానాశ్రయం వచ్చింది, 2014లో మండలికాను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించారు, 2022 నుంచి అక్కడి సర్క్యూట్‌లో మోటోజీపీ బైక్ పందేలు జరుగుతున్నాయి, ఇండోనేషియా ప్రభుత్వం అత్యధిక ప్రాధాన్యమిచ్చే అయిదు పర్యాటక ప్రాంతాలలో అదీ ఒకటి. రేపు అక్కడ భూమి ధర మూడింతలైందనే అనుకుందాం. ఆ లాభం భూయజమానిది. మీ చేతిలో ఉన్నది ఏటికేడాది తరిగిపోయే గడువు మాత్రమే, పదేళ్ల తర్వాత అమ్మబోతే కొనేవాడు మిగిలిన 15 ఏళ్లకే వెల కడతాడు. పొడిగింపు ఖాయమని చెప్పే ఒప్పందాలలో చాలావాటిలో ధర మాత్రం అప్పటి మార్కెట్ విలువ ప్రకారమని రాసి ఉంటుంది, అంటే ఊరు ఎంత వృద్ధి చెందితే మీరు అంత ఎక్కువ కట్టి అదే ఇంట్లో కొనసాగాలి. పైగా 25 ఏళ్లకు ఆ యజమాని స్థానంలో ఆయన వారసులు ఉండవచ్చు. లోంబోక్ నిజంగానే బాలి అయితే బాగుపడేది ఎవరో మీ ఏజెంటు మీకు చెప్పలేదు.

ఇక 15 శాతం ఆదాయం. రాత్రికి 6,000 రూపాయల అద్దె, ఏడాదిలో 45 శాతం రోజులు అతిథులు ఉంటారని నేను లెక్క వేశాను. కొత్తగా పుంజుకుంటున్న చోట ఇది నిరాశావాదపు అంచనా ఏమీ కాదు. వానాకాలంలో, సాధారణంగా జనవరి నుంచి మార్చి దాకా, రింజాని దారులే మూసేస్తారు, ఆ నెలల్లో పర్వతం కోసం వచ్చేవారు ఉండరు. మోటోజీపీ వారంలో పలికే అద్దెను 52 వారాలకూ పరిచి చూపించడం ఏజెంట్లకు అలవాటు. నా లెక్క ప్రకారం 164 రాత్రులకు 9.84 లక్షలు వస్తాయి. అందులో బుకింగ్ సైట్ల కమీషన్ 15 శాతం, నిర్వహణ సంస్థకు 20 శాతం పోతే 6.4 లక్షలు. ఈతకొలను, తోటమాలి, కరెంటు, ఉప్పుగాలికి తుప్పు పట్టే ఏసీలు, పైకప్పు మరమ్మతులకు 1.8 లక్షలు, అక్కడి పన్నులకు లక్ష తీసేస్తే చేతికి 3.6 లక్షలు మిగులుతాయి. 80 లక్షల మీద ఇది 4.5 శాతంగా కనిపిస్తుంది కానీ, 25 ఏళ్ల తర్వాత అసలు తిరిగి రాదు కాబట్టి నిజమైన రాబడి ఏడాదికి 1 శాతం లోపే. అద్దె ఏటా 4 శాతం చొప్పున పెరుగుతూ పోయినా, ఆ రాబడి 5 శాతం దాటదు. మీరేమో 8.5 శాతం వడ్డీకి అప్పు మోస్తున్నారు. ఆ అప్పులో ముందే తీర్చే ప్రతి లక్ష మీదా మీకు దక్కే లాభం, అదే లక్ష ఈ విల్లాలో పెడితే వచ్చేదానికంటే ఎక్కువ, అదీ ఏ సందేహమూ లేకుండా.

ఆ ఆదాయం డాలర్లలో వస్తుందన్న మాట కూడా పరిశీలించదగినదే. ధర డాలర్లలో చెప్పారు గానీ అక్కడి ఖర్చులూ అద్దెలూ నడిచేది రుపియాలోనే. 2011 మధ్యలో డాలరుకు దాదాపు 8,500 రుపియాలు వచ్చేవి, 2025 నాటికి 16,000 దాటాయి. అదే కాలంలో మన రూపాయి 45 దగ్గర నుంచి 85 పైకి చేరింది. రెండూ ఇంచుమించు ఒకే తీరున విలువ పోగొట్టుకున్నాయి. రూపాయి పతనం నుంచి కాచుకోవడానికి రుపియాను ఆశ్రయించడం వల్ల మీకు ఒరిగేది లేదు.

మన వైపు నిబంధనల విషయంలో మీ ప్రణాళిక ఇంకా బలహీనంగా ఉంది. విదేశాలలో స్థిరాస్తి కొనడానికి భారత నివాసి సరళీకృత చెల్లింపుల పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్, కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నియమాలు అయిదేళ్లకు మించని లీజుకు మాత్రమే మినహాయింపు ఇచ్చాయి కాబట్టి, మీ 25 ఏళ్ల లీజు స్థిరాస్తి కొనుగోలు కిందికే వస్తుంది. ఇలాంటి మూలధన లావాదేవీకి పంపే డబ్బు కోసం బ్యాంకులు రుణం ఇవ్వడాన్ని ఈ పథకం అనుమతించదు. అందువల్ల టాప్-అప్ రుణం ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఇంటి మరమ్మతుల పేరు చెప్పి తీసుకుని విదేశానికి పంపడం మీరు సంతకం చేసే పత్రాలలో అబద్ధం రాయడమే. కుటుంబ సభ్యులు తమ తమ పరిమితులు కలిపి పంపుకోవచ్చు గానీ, చట్టంలోని బంధువుల నిర్వచనంలో మీ బావమరిది మీకు బంధువు కాడు. మీ భార్యకు తోడబుట్టినవాడు కాబట్టి ఆమెకు అవుతాడు, ఆయన డబ్బు కలవాలంటే ఆస్తి ఆమె పేరుతో ముడిపడాలి. మన కుటుంబాలలో ఇది వినడానికి వింతగానే ఉంటుంది.

మీరు లెక్కలోకే తీసుకోనిది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. పెట్టుబడి కోసం పంపే మొత్తం ఏడాదిలో 10 లక్షలు దాటితే ఆపై సొమ్ము మీద బ్యాంకు 20 శాతం వసూలు చేస్తుంది. 80 లక్షలు మీ ఒక్కరి పేరు మీద వెళితే అది 14 లక్షలు, మీరూ మీ భార్యా చెరిసగం పంపితే 12 లక్షలు. ఇది పోయే డబ్బు కాదు, మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా రిఫండ్‌గా తిరిగి వస్తుంది. కానీ పంపే రోజున 80 లక్షలకు అదనంగా చేతిలో ఉండాలి. మీ 14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు సరిగ్గా అందుకే సరిపోతాయి, ఆ నెలలో ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వస్తే మిగిలేది పీఎఫ్ ఒక్కటే.

ఇంత చేసి కొన్నా, ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో దాన్ని చూపించాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. మొత్తం 20 లక్షల లోపు ఉన్న విదేశీ ఆస్తులకు 2024లో కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ స్థిరాస్తికి అది వర్తించదు. అక్కడి అద్దె ఇక్కడా పన్నుకు లోబడిందే, అక్కడ కట్టిన పన్నుకు జమ అడగవచ్చు. విల్లాను మీ సొంత పేరుతో పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే వ్యాపారం మాత్రం అక్కడి చట్టం ప్రకారం మీకు కుదరదు. అది ఎవరి లైసెన్సు మీద నడుస్తుందో, ఆ డబ్బు ముందు ఎవరి ఖాతాలో పడుతుందో మీ ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. వచ్చే జవాబు చదవదగినదై ఉంటుంది.

ప్రకృతి గురించి ఒక మాట. 2018 జులై, ఆగస్టులలో వరుస భూకంపాలు లోంబోక్‌ను కుదిపేశాయి, 500 మందికి పైగా చనిపోయారు, ఉత్తర భాగం బాగా దెబ్బతింది, రింజాని దారులు మూతపడ్డాయి. మీ విల్లా దక్షిణాన ఉండవచ్చు, కానీ ఇల్లు కూలితే తిరిగి కట్టే బాధ్యత ఎవరిదో, కట్టేదాకా గడిచే కాలం లీజులో కలుస్తుందో లేదో ఒప్పందంలో వెతకండి. మండలికా ప్రాంతంలో భూసేకరణ మీద స్థానికులకు పాత వివాదాలున్నాయి, 2021లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల నిపుణులు కూడా దానిపై ఆందోళన వెలిబుచ్చారు. అందువల్ల పట్టా ఎవరిదో భూమి కార్యాలయంలో సొంత న్యాయవాది ద్వారా చూపించకుండా అక్కడ ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు. సముద్రపు పోటు గీత నుంచి 100 మీటర్ల లోపు కట్టడాలకు ఉన్న నిషేధం కూడా సముద్రం కనిపించే విల్లాలకు తరచుగా అడ్డొస్తుంది.

మరి ఏం చేయాలి? మీరు అడిగింది ఆస్తి గురించే అయినా, మీ ఉత్తరం నిండా ఉన్నది ఆ పర్వతమూ ఆ అలలూ. అది ఖర్చు పెట్టదగిన ఇష్టమే, దానికి పెట్టుబడి అనే సాకు అక్కరలేదు. నెలకు 20,000 చొప్పున ఒక రికరింగ్ డిపాజిట్ వేయండి. ఏటా 2.4 లక్షలతో ముగ్గురూ లోంబోక్ వెళ్లి, సెలోంగ్ బెలానక్ బీచ్ దగ్గర ఒక మంచి ఇల్లు పది రోజులకు అద్దెకు తీసుకుని రావచ్చు, తర్వాతి ఏడాది మనసు మారితే ఫిలిప్పీన్స్‌కో శ్రీలంకకో వెళ్లవచ్చు. డిపాజిట్లలో ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా ఉంచి మిగిలింది గృహరుణంలో కట్టండి, ఫండ్లను పాప చదువు కోసం అలాగే వదిలేయండి. డాలరు ఆస్తి కావాలన్న కోరిక న్యాయమైనదే. అమెరికా సూచీని అనుసరించే ఫండ్‌లో నెలకు ఓ పది వేలు పెడితే అది తీరుతుంది, కావాలనుకున్న రోజున అమ్ముకోవచ్చు కూడా.

మళ్లీ రింజాని ఎక్కే ముందు మీ ప్రయాణ బీమా పత్రం ఒకసారి చదవండి. మన దగ్గర అమ్మే మామూలు పాలసీలలో చాలావరకు సాహస క్రీడలనూ, నిర్ణీత ఎత్తు దాటిన పర్వతారోహణనూ మినహాయిస్తాయి, రింజాని శిఖరం 3,726 మీటర్లు. 2025 జూన్‌లో ఆ దారిలో జారిపడిన బ్రెజిల్ పర్యాటకురాలి దగ్గరికి సహాయక బృందాలు చేరడానికి రోజులు పట్టింది, అప్పటికే ఆమె చనిపోయారు. హెలికాప్టర్ తరలింపుతో సహా సాహస యాత్రలకు అదనపు రక్షణ ఇచ్చే పాలసీ తీసుకోండి. కోటి రూపాయలకు తగ్గని టర్మ్ బీమా కూడా మీ పేరు మీద ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు. లేకపోతే విమానం టికెట్టుకు ముందు దాన్ని తీసుకోండి, దరఖాస్తులో పర్వతారోహణ చేస్తానని దాచకుండా రాయండి.