రెజిన్ వాకిలి మేలో వద్దు, చలికాలం దాకా ఆగండి

అన్నా, హన్మకొండలో కొత్త ఇంటికి గేటు నుంచి పోర్టికో దాకా రెజిన్ (కంకరలో కలిపి పరిచే, గట్టిపడే జిగురు) వేయించాలి, మేస్త్రీ మేలోనే చేసేద్దామంటున్నాడు అన్నారు కదా, కాస్త ఆగండి. మేలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కింద పోసే కాంక్రీటు బెడ్డు అంతకంటే ఎక్కువ కాలుతుంది, ఆ వేడికి రెజిన్ కంకరతో కలిపి పరిచి తాపీతో సాపు చేసేలోపే బిగుసుకుపోయి అతుకులు, తాపీ గుర్తులు అలాగే ఉండిపోతాయి.

వానాకాలం అసలే వద్దు. ఇందులో ఎక్కువగా వాడేది పాలీయురెథేన్ రకం రెజిన్, అది గట్టిపడకముందు తడి తగిలితే నురగొచ్చి తెల్లగా పాలిపోతుంది, పట్టు కూడా తగ్గుతుంది. మా బావ వాళ్లు జూలైలో, పొద్దున ఎండ బాగానే ఉంది కదా అని మొదలుపెట్టారు, మధ్యాహ్నం జల్లు పడింది, సగం తవ్వి మళ్లీ వేయించుకున్నారు!

నన్నడిగితే నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. దసరా, దీపావళి మధ్యలో వాయుగుండం వచ్చిందంటే మళ్లీ వానే. చలికాలంలో ఉన్న టెన్షన్ పొద్దున మంచు ఒక్కటే, బెడ్డు పూర్తిగా ఆరాక తొమ్మిదో పదో గంటలకు మొదలుపెట్టి సాయంత్రం మంచు దిగకముందే ముగించమనండి. సంక్రాంతి వారం మాత్రం పెట్టుకోకండి, కూలీలు దొరకరు.

కింద బెడ్డు కొత్తదైతే 28 రోజులు ఆగాలి, కాబట్టి అది ముందే పోయించుకోండి. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలను తట్టుకునే రెజినే అడగండి, లేకపోతే మన ఎండకు పసుపెక్కుతుంది. వేశాక కారు ఒక రోజైనా ఎక్కించొద్దు, చలి ఎక్కువుంటే రెండు రోజులు.