గేమ్ నడుస్తోంది, పాట ఏది?

ప్రశ్న: నా దగ్గర 1996 నాటి క్వేక్ గేమ్ సీడీ ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు కాబట్టి డిస్క్‌ని ఐఎస్ఓ ఫైలుగా కాపీ చేయించుకున్నాను. పాత డాస్ గేములను కొత్త కంప్యూటర్లలో ఆడించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో గేమ్ చక్కగా నడుస్తోంది. తుపాకీ మోతలు, రాక్షసుల అరుపులు అన్నీ వినిపిస్తున్నాయి, సంగీతం మాత్రం లేదు. సౌండ్ సెట్టింగులన్నీ మార్చి మార్చి విసిగిపోయాను.

జవాబు: ఆ సెట్టింగుల జోలికి ఇక పోకండి. తుపాకీ మోత వినిపిస్తోందంటే అవి బాగానే ఉన్నట్టు. పాటలు ఆ ఐఎస్ఓ ఫైల్లోకి అసలు ఎక్కనే లేదు.

క్వేక్ సీడీలో మొదటి ట్రాక్ మాత్రమే గేమ్. 2 నుంచి 11 వరకు ఉన్నవి మామూలు ఆడియో ట్రాకులు, నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్ చేసిన సంగీతం. ఆ డిస్క్‌ని పాటల సీడీ ప్లేయర్‌లో పెట్టి రెండో ట్రాక్ నొక్కితే నేరుగా వినొచ్చు. ఒకటో ట్రాక్ మాత్రం నొక్కకండి, కొన్ని పాత ప్లేయర్లలో చెవులు చిల్లులు పడే గోల వస్తుంది.

సీడీ మీద సమాచారం సెక్టార్లు అనే చిన్న ముక్కలుగా ఉంటుంది, ఒక్కో సెక్టారుకు 2352 బైట్లు. డేటా ట్రాకులో అందులో 2048 బైట్లే అసలు సరుకు, మిగతావి గీతలు పడ్డప్పుడు తప్పులు దిద్దుకోవడానికీ అలాంటి పనులకూ పోతాయి. ఐఎస్ఓ ఫైలు ఆ 2048 మాత్రమే తీసుకుంటుంది. ఆడియో ట్రాకులో అయితే 2352కి 2352 బైట్లూ సంగీతమే. దానికి ఐఎస్ఓలో చోటే లేదు. కాపీ చేసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ సంగతి చెప్పనైనా చెప్పవు. మొదటి ట్రాక్ తీసుకుని పని పూర్తయిందంటాయి.

డిస్క్‌ని ఈసారి బిన్, క్యూ ఫైళ్ల జతగా తీయించండి. బిన్ పెద్ద ఫైలు, డిస్క్ మొత్తం అందులోనే ఉంటుంది. క్యూ చిన్న టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. పై వరుసలో బిన్ ఫైలు పేరు ఉంటుంది. దాని కింద ట్రాక్ 01 పక్కన మోడ్1/2352 అని, 02 నుంచి ఆడియో అని కనిపించాలి. ఒక్క ట్రాకే ఉంటే పాటలు మళ్లీ రానట్టే. బిన్ ఫైలు పేరు మార్చుకున్నారా, క్యూ పై వరుసలో కూడా అదే పేరు రాయండి. లేకపోతే డాస్‌బాక్స్ ఆ ఫైలు తెరవలేనంటుంది. నాకొచ్చే ఉత్తరాల్లో ఈ తకరారే ఎక్కువ.

తర్వాత డాస్‌బాక్స్‌లో, డిస్క్ కాపీని సీడీలా తగిలించే ఐఎంజీమౌంట్ కమాండుకు క్యూ ఫైలు పేరు ఇవ్వండి, బిన్ కాదు. చివర ఇంగ్లిషులో -టీ ఐఎస్ఓ (-t iso) అని ఉండాలి. క్యూ ఇస్తూ ఐఎస్ఓ అని రాయడమేమిటని ఆగిపోకండి, అక్కడ అలాగే రాస్తారు. గేమ్‌లోకి వెళ్లాక ఎస్కేప్ కింది కీ నొక్కితే కన్సోల్, అంటే ఆదేశాలు టైపు చేసే తెర, దిగుతుంది. అందులో సీడీ ప్లే 4 (cd play 4) అని ఇంగ్లిషులో కొట్టి ఎంటర్ నొక్కండి. పాట వస్తే పని అయినట్టే.

అప్పట్లో కంప్యూటర్లు బిగించేటప్పుడు నేను చివర్లో చూసుకునేది సీడీ డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకు వెళ్లే సన్నటి కేబుల్. గేమ్ ‘ఫలానా ట్రాక్ వెయ్యి’ అంటే డ్రైవే పాట వేసేది, శబ్దం ఆ తీగ గుండా పోయేది, ప్రాసెసర్‌కు శ్రమే ఉండేది కాదు. ఆ కేబుల్ పెట్టకపోతే అచ్చం మీ పరిస్థితే: మోతలుంటాయి, పాట ఉండదు.

డాస్‌బాక్సే కావాలన్న పట్టుదల లేకపోతే క్వేక్‌ని నేరుగా కొత్త కంప్యూటర్లలో నడిపే క్వేక్‌స్పాజ్మ్ అనే ప్రోగ్రామ్ వాడండి. ట్రాకులను ఓజీజీ అనే రకం ఆడియో ఫైళ్లుగా మార్చి, ట్రాక్02, ట్రాక్03 అంటూ ఇంగ్లిషులో పేర్లు పెట్టి, గేమ్‌లోని ఐడీ1 ఫోల్డర్లో మ్యూజిక్ అనే ఫోల్డర్ చేసి పడేస్తే చాలు. నన్నడిగితే ఇదే హాయి.

ప్రశ్న: డూమ్‌లో సంగీతం వస్తోంది గానీ బొమ్మ కీబోర్డు వాయించినట్టుంది. అసలు ఇలాగే ఉండేదా?

జవాబు: ఎవరి ఇంట్లో విన్నారన్నదాన్ని బట్టి. 1993లో వచ్చిన ఈ గేమ్‌లో రికార్డు చేసిన పాటలు లేవు. ఏ స్వరం, ఏ వాయిద్యం, ఎంతసేపు అని రాసిన చీటీ లాంటిది మాత్రమే ఉంది. వాయించేది మీ మెషీన్. సెటప్‌లో జనరల్ మిడి (వాయిద్యాలకు అందరూ వాడే నంబర్ల పద్ధతి) ఎంచుకుని ఉంటే, విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ జీఎస్ సింథ్ అనే వాయించే ప్రోగ్రామ్ ఆ చీటీని నీరసంగా వాయిస్తోందన్నమాట. డాస్‌బాక్స్‌కే మరో రూపమైన డాస్‌బాక్స్ స్టేజింగ్ పెట్టుకుని, దాని సెట్టింగుల ఫైల్లో మిడి డివైస్ దగ్గర ఫ్లూయిడ్‌సింత్ అని రాసి, మంచి సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాలున్న ఫైలు) ఒకటి జత చేయండి. డ్రమ్ములకు ప్రాణం వస్తుంది.

సౌండ్ బ్లాస్టర్ అనే పాత సౌండ్ కార్డు ఎంచుకుంటే దాని మీది యమహా ఎఫ్ఎం చిప్ గొంతు వినిపిస్తుంది, కాస్త రేకు డబ్బా మోతలా. ఆ రోజుల్లో చాలామంది విన్నది ఇదే. నేనైతే ఇప్పటికీ ఇదే పెట్టుకుంటాను, మా అబ్బాయి ఎంత ఎగతాళి చేసినా.

ప్రశ్న: కింగ్స్ క్వెస్ట్ 4 సెటప్‌లో రోలాండ్ ఎంటీ-32 పెట్టాను. పాట వస్తోంది గానీ వాయిద్యాలు తారుమారు. టెన్షన్ పడాల్సిందేమైనా ఉందా?

జవాబు: ఏమీ లేదు. ఎంటీ-32 అనే సంగీత మెషీన్ వచ్చింది 1987లో, ఈ గేమ్ 1988లో. వాయిద్యాలకు అందరూ ఒకే నంబర్లు వాడాలన్న జనరల్ మిడి పద్ధతి 1991 దాకా లేదు. గేమ్ పాత నంబర్లు చెబుతోంది, మీ విండోస్ కొత్త నంబర్ల ప్రకారం వాయిస్తోంది. మంట్ అనే ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) అచ్చం ఎంటీ-32లా వాయిస్తుంది గానీ, ఆ మెషీన్ చిప్పుల్లో శాశ్వతంగా ఉండే డేటా, అంటే రోమ్ ఫైళ్లు, రెండు కావాలి: కంట్రోల్ ఒకటి, పీసీఎం ఒకటి. వాటి హక్కులు రోలాండ్‌వి కాబట్టి మంట్‌తో పాటు ఇవ్వరు. అవి లేకపోతే సెటప్‌లో యాడ్‌లిబ్ అనే పాత సౌండ్ కార్డు పెట్టుకోండి.