బలిసిన పిల్లకే చిటుకు రోగం ఎందుకు?

ప్రశ్న: తొలకరి పచ్చిక మేసిన మందలో బలిసిన గొర్రెపిల్లలే రాత్రికి రాత్రి చనిపోతున్నాయి. బక్కవి బాగానే ఉన్నాయి. కారణమేంటి?
– ఒక గొర్రెల కాపరి, దేవరకొండ

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి చిటుకు రోగం అనిపిస్తోంది, చనిపోయిన జీవాన్ని వెంటనే పశువైద్యుడికి చూపించి నిర్ధారించుకోండి. దీన్ని తెచ్చే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం బాక్టీరియా గొర్రె పేగుల్లో కొద్దిగా ఎప్పుడూ ఉండేదే. ఈ బాక్టీరియా చాలా అమైనో ఆమ్లాలను (మాంసకృత్తులకు ఇటుకల్లాంటివి) సొంతంగా తయారుచేసుకోలేదు, అవి దానికి బయటినుంచే అందాలి. లేత గడ్డి, గింజలు ఒక్కసారే ఎక్కువ పడితే, అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి జారుతుంది. ఇక దానికి పండగే. అన్నీ కుదిరితే 10 నిమిషాలకే రెట్టింపవుతుంది. అది వదిలే ఎప్సిలాన్ విషం మొదట్లో అంత ప్రమాదకరం కాదు. గొర్రె సొంత జీర్ణరసంలోని ట్రిప్సినే దానికి పదును పెడుతుంది! అక్కణ్నుంచి రక్తంలో కలిసి మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. బాగా మేసే పిల్ల ముందు పడిపోయేది అందుకే.

పడిపోయాక మందుకు వ్యవధి ఉండదు. వానలకు ముందే, మే నెలలో టీకా వేయించండి: సాధారణంగా 2.5 మి.లీ. చర్మం కింద, మొదటిసారి వేసేవాటికి 14 రోజులకు మరో డోసు. ఈ రెండోది ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. సీసా 2–8 డిగ్రీల చలిలో ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. పొద్దున కాస్త ఎండుమేత వేశాకే పచ్చికలోకి తోలండి.