"ఈ ఒళ్లు నాకొద్దు" అంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. కొంతకాలంగా తలకు నూనె రాయనివ్వడం లేదు, చెయ్యి వేస్తే విదిలించుకుంటోంది. సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోయినా మందు వేసుకోలేదు. లావుగా, నల్లగా ఉన్నానని, ఈ ఒళ్లు తనకొద్దని, తాను లేకపోయినా ఎవరికీ నష్టం లేదని అంటోంది. ఉద్యోగరీత్యా నాలుగేళ్లు నిండేవరకు తనను మా అమ్మ దగ్గర ఉంచాను. అదే దీనికి కారణమా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ చివరి మాటను వయసు కోపమని తీసిపారేయకండి. ఈ రోజే, మీరిద్దరే ఉన్నప్పుడు, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. అవునంటే తనను ఒంటరిగా వదలకుండా, మందులు, పురుగుమందులు తాళం వేసి, అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇజ్రాయెల్ మనస్తత్వవేత్తలు ఇజ్రాయెల్ ఓర్బాక్, మారియో మికులిన్సర్ 1998లో రూపొందించిన, మనిషికి తన ఒంటితో ఉన్న అనుబంధాన్ని కొలిచే ఒక ప్రశ్నావళి, శరీరం గురించిన భావనతో పాటు దాని పోషణ, రక్షణ, స్పర్శలో హాయి అనే అంశాలను కూడా పరిశీలిస్తుంది. పసితనంలో అందిన లాలన నుంచే మనిషి తన ఒంటిని ప్రేమించడం నేర్చుకుంటాడనీ, ఆ ప్రేమ సడలినప్పుడు తనను తాను గాయపరచుకోకుండా ఆపే అడ్డు కూడా బలహీనపడుతుందనీ ఓర్బాక్ భావించారు. అందుకే నూనె, మోకాలు అంటూ మీరు రాసిన చిన్న విషయాలు నాకు రంగు గురించిన బాధకంటే ముఖ్యంగా కనిపించాయి.

అయితే ఇది మీ మీద తీర్పు కాదు. పసిబిడ్డకు కావలసింది నిలకడగా ప్రేమించే చేతులు. అవి అమ్మమ్మవి కావచ్చు. పైగా దిగులు, తోటిపిల్లల వెక్కిరింపులు, ఫోన్‌లో చూసే రూపాలు, బంధువుల వ్యాఖ్యలు, ఇలా ఎన్నో కలిసి ఈ స్థితికి తెస్తాయి. తన రంగు, బరువు గురించి ఇంట్లో ఎవరూ, ముద్దుకైనా సరే, మాట్లాడకుండా చూడండి. అందంగానే ఉన్నావని వాదించడం కంటే తను చెప్పేది చివరిదాకా వినడం ఎక్కువ మేలు చేస్తుంది. తను ఒప్పుకుంటేనే ముట్టుకోండి.

వైద్యులకు ఈ ఉత్తరంలోని వివరాలన్నీ చెప్పి, మీ అమ్మాయి వారితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడేలా మీరు బయట కూర్చోండి.