పద్యం మధ్యలో మైకు మూగబోతే

మైకుసెట్టు ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాటక సమాజం తరఫున చందాలు పోగుచేసి నాలుగు డిజిటల్ వైర్‌లెస్ కాలర్ మైకుల సెట్టు కొన్నాం. పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది. హైస్కూల్లో రిహార్సల్ చేసిన రోజు వరండా చివరికి వెళ్లినా గంట కొట్టినట్టు పలికింది. తీరా శ్రీరామనవమి పందిట్లో జనం నిండాక, కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే ముక్కలు ముక్కలుగా తెగిపోయింది. అమ్మిన షాపాయన సెట్టులో ఏ లోపమూ లేదంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక నాటక సమాజం కార్యదర్శి, గుంటూరు జిల్లా

జవాబు: షాపాయన అబద్ధం చెప్పలేదు లెండి. ముందు నాకో సంగతి చెప్పండి, మైకు పంపే సిగ్నలును అందుకునే పెట్టె, అదే రిసీవరు, ఎక్కడ పెట్టారు? జనం వెనకాల, మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సరు ఉన్న బల్ల మీదే కదూ? నేనూ మొదట్లో అక్కడే పెట్టాను. చేతికి అందుతుంది, లైట్లు కనబడతాయి, ఆపరేటరుకు ధైర్యంగా ఉంటుంది. కొంప ముంచేదీ అదే.

ఖాళీ బడిలో మీ మైకుకీ రిసీవరుకీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు. పందిట్లో జనం కూర్చున్నారు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే, ఈ సిగ్నలును నీళ్లు పీల్చేస్తాయి. పైగా దీని తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. మనిషి అడ్డొస్తే చుట్టూ తిరిగి వెళ్లడం దానికి కష్టం. అది చాలనట్టు ఆ జనం జేబుల్లో ఫోన్లు, వాటి బ్లూటూత్, హాట్‌స్పాట్. మీ పెట్టె మీద రాసిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు అంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఫ్రీక్వెన్సీల పట్టీ, దీనికి లైసెన్సు అక్కర్లేదు. ఊరుమ్మడి చెరువన్నమాట, ఎవరి గేదెనైనా తోలుకోవచ్చు.

ఇంకో తంటా ఉంది. పాత అనలాగ్ కార్డ్‌లెస్ అయితే సిగ్నలు తగ్గేకొద్దీ బుసబుసమనేది, మనకు ముందే తెలిసేది. డిజిటల్ మైకు చివరి క్షణం దాకా తేనెలా పలికి ఒక్కసారిగా మాయమవుతుంది. మా పక్క ఊరి తిరునాళ్లలో నాకు సరిగ్గా ఇలాగే అయింది. పద్యం సగంలో గొంతు పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. జనం 'ఒన్స్‌మోర్' అని అరిచారు. పద్యం బాగుండి కాదు, వినపడక! తీరా చూస్తే లైవ్ వీడియో ఇస్తున్న కుర్రాళ్లు వైఫై రౌటరును నా రిసీవరు నెత్తినే పెట్టారు. దాన్ని దూరం జరిపించి, 5 గిగాహెర్ట్జ్‌కు మార్పించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. మీ పందిట్లోనూ అలాంటిదేమైనా ఉందేమో వాకబు చేయండి.

ఈసారి రిసీవరును స్టేజీ పక్క వింగులోకి తీసుకుపొండి. నిలబడ్డ మనిషి తలకన్నా ఎత్తులో, చెక్క స్టాండు మీద పెట్టండి. ఇనప పెట్టెలో, ఇనప ర్యాకులో వద్దు. రిసీవరు మీకు కాదు, నటుడికి కనబడాలి. అలాగని మరీ పక్కనే వద్దు, మూడు మీటర్లన్నా ఎడం ఉండాలి. యాంటెనాలు బయటికుంటే రెండు వేళ్లు చాపినట్టు విడదీయండి. అక్కడి నుంచి మిక్సరు దాకా మామూలు మైకు కేబులు లాగండి. ముప్పై మీటర్లయినా ఆ వైరుకు లెక్కలేదు.

ఆన్ చేసే వరస కూడా ముఖ్యమే. మైకులన్నీ ఆపి, ముందు రిసీవరు వెలిగించండి. ఖాళీ ఛానల్ వెతికే బటన్ ఉంటే మైకులు ఆపి ఉండగానే నొక్కాలి, లేకపోతే అది మీ మైకులనే శత్రువులనుకుంటుంది. ఆ తర్వాత ఒక్కొక్క మైకే కలపండి. యాంప్లిఫయరు అన్నిటికన్నా చివర.

ఇక వేషాల సంగతి. మీ కృష్ణుడు సిగ్నలు పంపే ట్రాన్స్‌మిటరు డబ్బాను ఇత్తడి వడ్డాణం లోపల, జరీ కోటు కింద దోపుకుని ఉంటాడు. లోహం అడ్డొస్తే సిగ్నలు బయటికెలా వస్తుంది? వడ్డాణానికి పైగా, వీపు మీద ఉత్తరీయం చాటున కట్టండి. చెమట దిగకుండా పలచటి కవరు తొడగండి. మైకు ముక్కను గడ్డానికి జానెడు కింద కుట్టించి, దండలు దానికి రాసుకోకుండా చూడండి. దండ రాసుకుంటే గరగరమంటుంది, పాపం ఆపరేటరును తిడతారు.

గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్నది, పెట్టేటప్పుడు నటుడిని 'హలో హలో' అనిపించకండి. పద్యంలో పైస్థాయి చరణం నిండు గొంతుతో పాడించి, ఎర్ర లైటు వెలగకుండా అక్కడ ఆపండి. వచనానికి పెట్టిన గెయిన్ పద్యానికి పగిలిపోతుంది, డిజిటల్లో ఆ పగులు మరీ కర్ణకఠోరం. జనం వచ్చి కూర్చున్నాక వేషంతోనే ఒకరిని స్టేజీ నాలుగు మూలలా నడిపించి వినండి. ఎందుకైనా మంచిది, ముందువైపు స్టాండు మీద ఒక వైరు మైకు ఉంచండి.

ఇవన్నీ చేసినా తెగితే, యూహెచ్‌ఎఫ్ డిజిటల్ సెట్టుకు, అంటే కొన్ని వందల మెగాహెర్ట్జ్‌లో పనిచేసేదానికి, మారాలి. కొనేముందు ఫ్రీక్వెన్సీ అడగండి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండును 2022 వేలంలో జియో దేశమంతటా కొనుక్కుంది, 800 ప్రాంతం కూడా ఫోన్లదే. చవగ్గా వచ్చే పాత సెట్లు చాలావరకు ఆ చుట్టుపక్కలవే. మన దేశంలో వాడేందుకు అనుమతి ఉన్న మోడలేనా అని కూడా అడిగి కాగితం తీసుకోండి.

ప్రశ్న: రీఛార్జి సెల్లులు రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా మైకు సగం బ్యాటరీయే చూపిస్తోంది. సెల్లులు నకిలీవా?
– ఒక డ్రిల్లు మాస్టారు, ఖమ్మం

జవాబు: కాకపోవచ్చు మాస్టారూ. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, మీ రీఛార్జి సెల్లు 1.2. మైకు దాన్ని ఆల్కలైన్ అనుకుని సగం అయిపోయిందని చెబుతోంది. మెనూలో బ్యాటరీ రకం మార్చే వీలుంటే మార్చండి. లేకపోతే గుర్తును నమ్మడం మానేసి గడియారం చూసుకోండి. పాతదీ కొత్తదీ కలిపి మాత్రం వేయొద్దు.

ప్రశ్న: మా భజన బృందంలో హార్మోనియం వాయించే పెద్దాయన, డిజిటల్ మైకులో గొంతు ఆలస్యంగా వస్తోందని, తాళం తప్పుతోందని గొడవ. బ్లూటూత్ స్పీకరు ఒకటి ఆయన ముందు పెట్టాం. డిజిటల్ అంటేనే ఇంతా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పెద్దాయన చెవి చురుకైనదమ్మా, తప్పు మాత్రం మైకుది కాదు. డిజిటల్ మైకులో ఆలస్యం మామూలుగా రెండు నుంచి ఐదు మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో మీటరు దూరం పోవడానికే దాదాపు మూడు పడుతుంది. అంటే ఆయన ఒక మీటరు వెనక్కి జరిగి కూర్చున్నా అంతే తేడా. అసలు ఆలస్యం ఆ బ్లూటూత్‌ది, అది వంద మిల్లీసెకన్లు దాటినా ఆశ్చర్యం లేదు. స్పీకరు వెనక ఆక్స్ అని రంధ్రం ఉంటుంది చూడండి, బ్లూటూత్ ఆపేసి దానికి మిక్సరు నుంచి వైరు కలపండి.